గృహనిర్మాణ శాఖలో చేరుతున్న మేనకోడలికి

చిరంజీవికి తిరుపతి నుంచి మామయ్య ఆశీస్సులు.

సర్వీసంతా ఇళ్ల విధానాల మీదే పనిచేయాలని నువ్వు నిశ్చయించుకున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు గర్వపడ్డాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఆ శాఖలోనే తల నెరిసినవాణ్ణి కనుక భయాలూ నాకే ఎక్కువ.

అసైన్డ్ భూముల, అంటే సర్కారు పేదలకిచ్చిన భూముల, 1977 నాటి చట్టాన్ని గైడ్లలో కాక మూలంలోనే చదువు. పట్టా ఇంటి ఆడవారి పేరిట ఉందో లేదో చూడు. ఇవి ఎవరైనా చెబుతారు.

ఇళ్ల స్థలాలుగా విడగొట్టే నేల, అదే లేఅవుట్, దాని సంగతి ఎవరూ చెప్పరు. నేను కొత్తగా చేరినప్పుడు చిత్తూరు వైపు ఒక ఊళ్లో, అంతకుముందున్న అధికారి ఎండాకాలంలో చూసి ఖాయం చేసిన స్థలం ఉండేది. రోడ్డు పక్కన చదునైన నేల. వరుస కరువులతో ఎగువ చెరువు నిండి మరవ మీదుగా పొర్లి పారడం ఊరివాళ్లే మరిచిపోయారు. మేకలు కాచే ముసలాయన ‘ఇది వంక సామీ’ అన్నాడట, ఆ మాట ఏ కాగితంలోకీ ఎక్కలేదు. పాత రికార్డు తిరగేసి ఉంటే వంక పోరంబోకని, అంటే వాగు పారే సర్కారు నేలని, అందులోనే కనబడేది. పునాదులు లేచాక చెరువు నిండింది, నీళ్లు తమ దారినే వచ్చాయి. బేస్‌మెంట్ లేపితేనే సర్కారు సాయంలో మొదటి బిల్లు వచ్చేది కనుక అందరూ వడ్డీకి తెచ్చి కట్టినవారే. ఒకావిడ ప్లాస్టిక్ కవరులోంచి పట్టా తీసి, బురద అంటకుండా రెండు వేళ్లతో పట్టుకుని, ‘నా నంబరు ఎక్కడుందో చూపించండి సార్’ అంది. హద్దురాళ్లే మిగలలేదు. జవాబు చెప్పవలసినవాడు అప్పటికే బదిలీ మీద వెళ్లిపోయాడు.

కాబట్టి ఎంత హోదాకు ఎదిగినా స్థలాన్ని వాన వెలిసిన మర్నాడు చూడు. దూరమూ చూడు. 2020 డిసెంబరులో పేదలకు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున పట్టాలు ఇచ్చినప్పుడు సెంట్ల మీద వాదన నడిచింది. సెంటంటే 435 చదరపు అడుగుల పైచిలుకు, చాలదనడంలో న్యాయముంది; కానీ లాడ్జీ గదులు ఊడ్చడానికి తెల్లవారకముందే తిరుపతి చేరవలసిన మనిషికి బస్సు రాని చోట రెండు సెంట్లిచ్చినా ఆ ఇంటికి తాళమే ఉంటుంది.

నీకు మొహమాటం ఎక్కువ, అదే నా దిగులు. పైవాళ్లు తొందరపెడితే నోటితో గొణిగి ఊరుకోకు, అభ్యంతరాన్ని ఫైలులో రాసి, తేదీ వేసి సంతకం పెట్టు తల్లీ.

నవంబరులో వీలు చూసుకుని రా. 2021 వానలకు ఇక్కడ తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట ఊటెత్తితే దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. ఆ కట్టెక్కితే చెరువు కింద ఎవరెవరున్నారో పటం లేకుండానే తెలుస్తుంది. ఆఫీసు బూట్లతో మాత్రం రావద్దు.