పాఠకుల ప్రశ్నలు: జాక్ తాతీ ఆరు సినిమాలు

గత సంచికలో సంభాషణల మీద ఆధారపడని హాస్యం గురించి జవాబు చెబుతూ ఫ్రెంచి దర్శకుడు జాక్ తాతీ పేరును ఒక్క వాక్యంలో ప్రస్తావించాము. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొని పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆయనకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: చాప్లిన్, కీటన్ పేర్లు చిన్నప్పటి నుంచి తెలుసు. తాతీ పేరు మాత్రం మీ పత్రికలోనే మొదటిసారి చూశాను. ఆయన ఎవరు? స్వతంత్ర దర్శకుడు అని ఎందుకన్నారు?
ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆయన అసలు ఇంటిపేరు తాతిషెఫ్, తండ్రి వైపు రష్యన్ మూలాలున్న కుటుంబం. 1907లో పారిస్ సమీపంలోని లె పెక్ అనే ఊళ్లో పుట్టారు. ఇంట్లో పటాలకు ఫ్రేములు కట్టే వ్యాపారం ఉండేది కనుక పెద్దలు ఆ పనిలోనే పెట్టాలని చూశారు గానీ, కుర్రవాడి ధ్యాసంతా రగ్బీ మీద ఉండేది. ఆట ముగిశాక తోటి ఆటగాళ్ల ముందు ఆనాటి ఆటనే మళ్లీ అభినయించి నవ్వించడం ఆయనకు అలవాటైంది, మెల్లగా అదే బతుకుతెరువైంది. గోల్‌కీపరును, టెన్నిస్ ఆటగాణ్ణి, గుర్రపు రౌతును ఒంటి కదలికతోనే చూపించే అంశాలతో ఆయన మ్యూజిక్ హాళ్లలో, అంటే పాట, ఆట, హాస్యం కలగలిపి ప్రదర్శించే వేదికల మీద, పేరు తెచ్చుకున్నారు. గుర్రమూ తానే, రౌతూ తానే అయిపోయే ఆ అభినయాన్ని 1936లో ప్రసిద్ధ రచయిత్రి కొలెట్ పత్రికాముఖంగా మెచ్చుకున్నారు.

దర్శకుడిగా ఆయన తీసిన పూర్తి నిడివి చిత్రాలు ఆరే. 1949లో విడుదలైన ‘జూర్ ద ఫెత్’ మొదటిది, 1974 నాటి ‘పరాడ్’ చివరిది. పాతికేళ్లలో ఆరు సినిమాలే తీయడానికి అవకాశాలు రాకపోవడం కారణం కాదు. ‘మోన్ ఓంక్ల్’ 1958లో కాన్ చలనచిత్రోత్సవంలో జ్యూరీ ప్రత్యేక బహుమతిని, మరుసటి సంవత్సరం ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కారును తెచ్చిపెట్టింది. ఆ తరువాత అందులో తాను వేసిన హులో అనే పాత్రతోనే ఏడాదికొక సినిమా చుట్టేసి సుఖంగా ఉండగలిగిన మనిషి, సొంత నిర్మాణ సంస్థ పెట్టుకొని, ఒక్కొక్క శబ్దాన్నీ రికార్డింగు గదిలో స్వయంగా చేర్చుకుంటూ, తనకు తృప్తి కలిగేదాకా సినిమాను వదలకుండా కూర్చున్నారు. స్వతంత్ర దర్శకుడు అన్నది ఈ అర్థంలోనే: ఎంతకాలం తీయాలో, ఎక్కడ కత్తిరించాలో ఇంకొకరు చెప్పే వీలు లేకుండా ఆయన పని చేశారు. అందుకు చెల్లించిన మూల్యం సంగతి మరొక ప్రశ్నకు జవాబుగా వస్తుంది.

ప్రశ్న: హులో అనే పాత్ర ప్రత్యేకత ఏమిటి? చాప్లిన్ దేశదిమ్మరికి అనుకరణ అనుకోవచ్చా?
ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అనుకరణ కాదు. ఇద్దరూ వ్యతిరేక దిశల్లో నడిచే మనుషులు. చాప్లిన్ పాత్ర చిక్కులో పడితే తెలివితో తప్పించుకుంటుంది, ఆ తెలివిని చూసి మనం నవ్వుతాము. హులోకు తాను చిక్కు తెచ్చిపెట్టానన్న సంగతే చాలాసార్లు తెలియదు. పొడగరి, ముందుకు వాలిన నడక, నోట్లో పైపు, చీలమండలు కనిపించే పొట్టి ప్యాంటు, నెత్తిన టోపీ. ఎవరినీ నొప్పించకూడదని ఎంతో మర్యాదగా మసలుకొనే మనిషి. 1953లో వచ్చిన ‘ముస్యూ హులో సెలవులు’ చిత్రంలో ఆయన సముద్రతీరంలోని ఒక చిన్న హోటలుకు విశ్రాంతికి వస్తారు. ఆ చిత్రీకరణ జరిగిన సాఁ మార్క్ సుర్ మేర్ ఊళ్లో బీచి వైపు చూస్తూ నిలబడిన హులో విగ్రహం ఇప్పటికీ ఉంది.

ఒక్క సన్నివేశం దగ్గరగా చూస్తే ఆయన పద్ధతి బోధపడుతుంది. హులో పాత కారు ఒక శ్మశానం దగ్గర మొరాయిస్తుంది. మరమ్మతు కోసం సామాను దింపుతుంటే, టైరు లోపలి ట్యూబు నేల మీద పడి దొర్లి, తడి ఆకులన్నీ దానికి అంటుకుంటాయి. అంత్యక్రియలు జరిపించే మనిషి దాన్ని చూసి సంతాపంగా తెచ్చిన పూలచక్రం అనుకొని భక్తిగా అందుకొని మిగిలిన వాటి సరసన పెడతాడు. కాసేపటికి ట్యూబులోంచి గాలి బుస్సుమంటూ పోతుంది. మర్యాదస్థుడైన హులో వెళ్లిపోలేక బంధువుల వరుసలో నిలబడతారు, వచ్చినవాళ్లంతా ఆయనకూ చేయి కలిపి పరామర్శిస్తారు. ఇందులో మోసగాడు లేడు, మూర్ఖుడు లేడు, ఎవరినీ చిన్నబుచ్చడం లేదు. ఆకులు అంటుకున్న రబ్బరు వస్తువు, పద్ధతి తప్పకూడదనుకొనే కొందరు మంచి మనుషులు: నవ్వు పుట్టడానికి ఆయనకు ఈపాటి సరంజామా చాలు. మనిషి రంగును, ఒంటిని, నత్తిని ఎగతాళి చేస్తే తప్ప నవ్వు రాదని నమ్మే సినిమాలను చూసి చూసి అలసిపోయిన మాకు ఈ సన్నివేశం ఎన్నిసార్లు చూసినా మనసు తేలికపడుతుంది.

ప్రశ్న: ‘మోన్ ఓంక్ల్’ పేరును తెలుగులో ఏమనాలి? బాబాయా, మామయ్యా, పెదనాన్నా?
ఒక ఉపాధ్యాయుడు, నంద్యాల

జవాబు: మంచి ప్రశ్న, దీనికి నిశ్చితమైన జవాబు ఉంది. ఫ్రెంచి మాటలో ఆ తేడా లేదు గానీ కథలో ఉంది. హులో ఆ పిల్లవాడి తల్లికి తోడబుట్టినవాడు. కనుక ‘మా మామయ్య’ అనాలి, అలా అన్నప్పుడు సినిమా ఇంకొంచెం దగ్గరవుతుంది కూడా; అమ్మానాన్నల కట్టుబాట్లకు ఊపిరాడని పిల్లవాడు మేనమామ చేయి పట్టుకొని వీధిలోకి పరుగెత్తడం తెలుగు ఇళ్లకు కొత్త సంగతి కాదు. ఆ తల్లి ఇంటి ముందు చేప ఆకారంలో ఒక ఫౌంటెన్ ఉంటుంది. గేటు గంట మోగగానే ఆమె పరుగున పోయి నీళ్లు చిమ్మిస్తుంది. వచ్చినది గొప్పింటి అతిథి కాదు, తన తమ్ముడేనని తెలియగానే కట్టేస్తుంది. వచ్చిన మనిషి అంతస్తును బట్టి బీరువాలోంచి పింగాణీ కప్పులు దిగే ఇళ్లను ఎరిగినవారికి ఆ చేపను గురించి వేరే వివరించనక్కరలేదు.

ప్రశ్న: ఆస్కారు అందుకున్న దర్శకుడు దివాలా తీశాడని చదివాను. సొంత డబ్బుతో సినిమా తీయాలనుకొంటున్న నాకు అది భయం కలిగించింది. అసలేం జరిగింది? తప్పు ఎవరిది?
ఒక యువకుడు, హైదరాబాదు

జవాబు: ఆ సినిమా పేరు ‘ప్లేటైమ్’, 1967 డిసెంబరులో పారిస్‌లో విడుదలైంది. గాజు, ఉక్కు, కాంక్రీటుతో కొత్తగా లేస్తున్న నగరం ఆ కథకు కావలసి వచ్చింది. నిజమైన విమానాశ్రయాన్నీ ఆఫీసులనూ నెలల తరబడి మూసివేయించి తీయడం సాధ్యం కాదు కనుక, తాతీ పారిస్ శివార్లలో ఒక నగరాన్నే కట్టించారు. రోడ్లు, దీపాలు, సొంత విద్యుత్ కేంద్రం, అవసరాన్ని బట్టి అటూ ఇటూ జరపగలిగే భవనాలు ఉన్న ఆ సెట్టుకు తాతీవిల్ అన్న పేరు నిలిచిపోయింది. చిత్రీకరణ 1964లో మొదలై మూడేళ్ల దాకా సాగింది. మధ్యలో గాలివాన సెట్టును దెబ్బ తీసింది, డబ్బు అయిపోయి పని ఆగింది, మళ్లీ అప్పు తెచ్చి మొదలుపెట్టారు. వెనక నిలబడే జనంలో కొందరు అట్ట మీద అంటించిన నిలువెత్తు ఫోటోలు. ఖర్చు తగ్గించుకోవడానికి అంత పాట్లు పడిన మనిషే, చిత్రాన్ని మాత్రం 70 ఎం.ఎం.లో తప్ప తీయనని పట్టుబట్టారు.

ఆ పట్టుదలకు కారణం ఉంది, దాన్ని అర్థం చేసుకోకుండా ఆయనను మొండివాడు అనడం న్యాయం కాదు. మామూలు హాస్యచిత్రంలో కెమెరా నటుడి ముఖం మీదికి వెళ్లి ఇక్కడ నవ్వండి అని చూపిస్తుంది. తాతీ దగ్గరి షాట్లను దాదాపు మానేశారు. తెర మీద ఒకేసారి నాలుగైదు చోట్ల నాలుగైదు చిన్న సంఘటనలు జరుగుతుంటాయి. ఏది చూడాలో ప్రేక్షకుడే వెతుక్కోవాలి. అంత వివరం కనిపించాలంటే పెద్ద ఫిల్ము, పెద్ద తెర తప్పనిసరి. ఉదాహరణకు, కొత్త రెస్టారెంటు ప్రారంభమయ్యే రాత్రి గాజు తలుపు పగిలి ముక్కలవుతుంది. ద్వారపాలకుడు చేతిలో మిగిలిన గుండ్రటి పిడిని గాలిలోనే పట్టుకొని, వచ్చే అతిథులకు లేని తలుపును తీస్తూ, మూస్తూ వినయంగా నిలబడతాడు. అదే రెస్టారెంటులో ఒక చేపకు ఒకరి తరువాత ఒకరు సర్వర్లు వచ్చి మసాలా దట్టిస్తూనే ఉంటారు, అది మాత్రం ఎవరి పళ్లెంలోకీ చేరదు. కుర్చీల వెనక ఉన్న కిరీటం గుర్తు కూర్చున్నవాళ్ల వీపుల మీద అచ్చు పడుతుంది. ఇవన్నీ హులో చేసినవి కావు. నవ్వించే హక్కు హీరో ఒక్కడిది కాదు, వీధిలో నడిచే ఎవరికైనా ఉంటుందని తాతీ మనసారా నమ్మారు. అందుకే ఈ చిత్రంలో హులోను జనంలో కలిపేసి, ఆయన పోలికలతో ఉన్న వేరే మనుషులను కూడా అక్కడక్కడ తిప్పారు.

ప్రేక్షకులు హులో కోసం వచ్చారు, ఆయన కనిపించీ కనిపించకుండా పోయారు. 70 ఎం.ఎం. సదుపాయమున్న థియేటర్లు తక్కువ. చేసేది లేక ఆయన తన చేతులతోనే చిత్రాన్ని కత్తిరించి నిడివి తగ్గించారు. అప్పులకు సొంత ఇల్లు పోయింది, తాకట్టు పెట్టిన పాత చిత్రాల హక్కులు కూడా చేజారాయి. తప్పు ఎవరిదని అడిగారు. మా అభిప్రాయంలో తప్పు ఆ ఊహలో లేదు. ఒక్క చిత్రం కోసం వెనకటి చిత్రాలన్నింటి నెగటివ్‌లనూ హామీగా పెట్టడమే ఆయన చేసిన తప్పు. మీరు సొంత డబ్బుతో తీయండి, కానీ ఇదివరకు తీసిన దాని మీద హక్కును మాత్రం ఏ ఫైనాన్సియరుకూ రాసివ్వకండి. ఆ తరువాత తాతీ తీసిన రెండింటిలో ‘ట్రాఫిక్’ 1971లో వచ్చింది. వానలో కార్ల అద్దాలు తుడిచే వైపర్లు లోపలున్న డ్రైవరు స్వభావాన్ని బట్టి ఊగే దృశ్యం ఒక్కటి చాలు, ఆయన చూపు మసకబారలేదని చెప్పడానికి. సర్కస్ ప్రదర్శన రూపంలో ఉన్న ‘పరాడ్’ను స్వీడన్ టెలివిజన్ కోసం తీశారు.

ప్రశ్న: మన వాళ్లలో ఇలాంటి ప్రయత్నం చేసినవారు ఉన్నారా?
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సింగీతం శ్రీనివాసరావు గారి ‘పుష్పక విమానం’ వెంటనే గుర్తుకు రావాలి. 1987లో, ఒక్క సంభాషణ కూడా లేకుండా, కమల్ హాసన్ వంటి పెద్ద నటుడితో తీశారు, నిర్మాతల్లో సింగీతం గారు కూడా ఒకరు. పోలిక అంతవరకే. సింగీతం గారు మాటలు తీసేసి కథను గట్టిగా పట్టుకున్నారు. తాతీ చిత్రాల్లో మనుషులు మాట్లాడుతూనే ఉంటారు, కానీ ఆ మాటలు తలుపు కిర్రుమన్నట్టు, చెప్పులు చప్పుడైనట్టు సగం వినబడి పోతాయి. ఆయన పక్కన పెట్టింది కథను. అందువల్ల ఫ్రెంచి రానివారు కింద అక్షరాలు చదవకుండానే హాయిగా చూడవచ్చు.

ప్రశ్న: ఆయన చిత్రాలు ఏ వరుసలో చూడాలి? మొదటి సినిమా రంగుల్లోనా, నలుపు తెలుపులోనా? రెండు రకాలూ కనిపిస్తున్నాయి.
ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వచ్చిన వరుసలోనే చూడండి, ‘ప్లేటైమ్’ను మాత్రం ఫోనులో చూడకండి. రెండో ప్రశ్నకు కాస్త కథ ఉంది. ‘జూర్ ద ఫెత్’ను 1947లో సాఁత్ సెవేర్ అనే పల్లెలో, అక్కడి ఊరివాళ్లను కూడా నటులుగా పెట్టి తీశారు. తిరునాళ్ల రోజున తెర మీద అమెరికా తపాలా బంట్రోతుల వేగం చూసి, ఆ ఊరి పోస్టుమాన్ తన సైకిలు మీద అంత వేగంగా ఉత్తరాలు పంచాలని పడే తాపత్రయమే కథ. తాతీ దాన్ని థాంసన్ కలర్ అనే కొత్త పద్ధతిలో రంగుల్లో తీస్తూ, ఎందుకైనా మంచిదని పక్కన నలుపు తెలుపు కెమెరాను కూడా నడిపించారు. ఆ రంగుల ఫిల్మును ప్రింటు వేయడం కంపెనీకి చేతకాలేదు, రెండో కెమెరా నెగటివే సినిమాను బతికించింది. రంగుల నెగటివ్ మాత్రం డబ్బాల్లో ఉండిపోయింది. తాతీ 1982లో మరణించారు. ఎడిటరైన ఆయన కుమార్తె సోఫీ, ఛాయాగ్రాహకుడు ఫ్రాంస్వా ఎద్‌తో కలిసి ఆ నెగటివ్ నుంచి రంగులను బయటికి తీసి 1995లో విడుదల చేశారు. తిరునాళ్లతోనే ఊరికి రంగు రావాలని తాతీ ముందే అనుకొని, పల్లె తలుపులకు బూడిదరంగు వేయించి, జనానికి ముదురు బట్టలు తొడిగించారు. కనుక వీలైతే రంగుల ప్రతినే చూడండి. రంగులరాట్నం కొయ్య గుర్రాలు బండి మీద ఊళ్లోకి వస్తుంటే ఆయన అనుకున్న తేడా అందులోనే తెలుస్తుంది.