తండ్రి మంచం పక్కన కూర్చుని రాస్తున్న అమ్మాయికి

పురసవాక్కం, చెన్నై

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామమున వందనములు.

పెరంబూరు నుంచి నువ్వు పంపిన పేజీలు అందాయి. కాలేయానికి వచ్చిన కేన్సర్ ఇక మందులకు లొంగదని చెప్పి డాక్టర్లు నాన్నగారిని ఇంటికి పంపించిన నాటి నుంచి, ముందుగదిలో ఆయన మంచం పక్కనే కూర్చుని, ఆయన నిద్రపోయిన వేళల్లో వీటిని రాశానన్నావు. తండ్రి మరణానికి దగ్గరవుతున్న ఈ రోజుల్లో విశ్వాసం నీకు ఎలా బలమిస్తున్నదో చెప్పాలన్నది నీ కోరిక. ఇది సాక్ష్యంలా ఉందా, రచనలా ఉందా అని కూడా అడిగావు. ఎక్కువ భాగం సాక్ష్యంలాగే ఉంది. నాలుగో పేజీలో మాత్రం రచన మొదలైంది. అలా ఎందుకు అంటున్నానో కొంచెం వివరంగా చెబుతాను.

సాక్ష్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, కష్టం వచ్చింది, ప్రార్థించాము, దేవుడు నడిపించాడు, ఆయనకే స్తోత్రము అని చెప్పి కూర్చునే మనిషికి, వింటున్నవాళ్లంతా తెలిసినవాళ్లే. నాన్నగారికి జావ కాచి తెచ్చినవాళ్లు, ఆసుపత్రి వరండాలో మీతో పాటు కూర్చున్నవాళ్లు అక్కడే ఉంటారు కనుక నువ్వు చెప్పకుండా వదిలేసినదంతా వాళ్లే పూరించుకుంటారు. పాఠకుడికి ఆ వీలు లేదు. పైగా సాక్ష్యం సాధారణంగా అంతా గడిచిన తరువాత చెప్పేది. మీ ఇంట్లో ఇంకా ఏదీ గడవలేదు. అయినా నీ పేజీల్లో భయం అనే మాట వచ్చిన ప్రతిచోటా, రెండు వాక్యాలు దాటకముందే ఒక వచనం వచ్చి ఆ భయాన్ని మూసేస్తున్నది. వచనం సత్యమే, నీ నమ్మకమూ నిజమే. కానీ నువ్వు ఎంత భయపడ్డావో తెలియనివ్వకపోతే ఆ వచనం నిన్ను ఎక్కడి నుంచి లేవనెత్తిందో పాఠకుడు ఎలా గ్రహిస్తాడు?

అందుకని నేను చెప్పదలచిన మాట ఒక్కటే. బలం దొరికిందని రాయవద్దు, ఆ బలం ఏ పనికి సరిపోయిందో రాయి. నాలుగో పేజీలో నువ్వు రాసిన రాత్రిని మళ్లీ చదువుకో. పడక పాడైతే తమ్ముడూ నువ్వూ కలిసి నాన్నగారిని ఒక పక్కకు తిప్పి దుప్పటి మార్చారు. కూతురి చేత ఆ పని చేయించుకోవలసి వచ్చినందుకు ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు. ఏం మాట్లాడాలో తెలియక, చిన్నప్పుడు ఆయనే నేర్పిన సాయంకాల కీర్తనను నువ్వు గొంతులోనే పాడుకుంటూ పని ముగించావు, తరువాత పెరట్లోకి వెళ్లి ఏడ్చావు. ఇదంతా నాలుగే నాలుగు పంక్తుల్లో రాసి, దాని కింద "నా కృప నీకు చాలును" అనే వాక్యం మీద పేజీన్నర వివరణ రాశావు. ఆ నాలుగు పంక్తులే నీ వ్యాసం. కృప చాలడమంటే ఏమిటో అక్కడ కనబడుతున్నది: దుప్పటి మార్చడం పూర్తయ్యేదాకా చేతులు వణకకుండా ఉండడానికి చాలింది, ఏడుపును పెరటిదాకా ఆపుకోవడానికి చాలింది. అంతకు మించి చాలిందని నువ్వు అనుకోనక్కరలేదు, రాయనూ అక్కరలేదు.

మన గ్రంథం, బైబిలు కూడా ఇలాగే రాస్తుందని గమనించు. ఇరవైమూడో కీర్తనలో కాపరి తన గొర్రెను గాఢాంధకారపు లోయ పక్కనుంచి చుట్టు తిప్పి తీసుకుపోడు, దానిలోనుంచే నడిపిస్తాడు. ఎనభై ఎనిమిదో కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది. ఓదార్పు వాక్యం ఒక్కటీ చేర్చకుండానే దాన్ని దేవుని ప్రజలు తమ ప్రార్థనల్లో ఉంచుకున్నారు. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా, సమాధి దగ్గరికి వెళ్లేముందు "యేసు కన్నీళ్లు విడిచెను". యోహాను సువార్తలో, సిలువ మీద ఉన్న కుమారుడు చివరి ఘడియల్లో కూడా తల్లి ఎక్కడ ఉండాలి, ఎవరు చూసుకోవాలి అన్న ఇంటి ఏర్పాటు చేస్తాడు. "ఆ గడియనుండి ఆ శిష్యుడు ఆమెను తన యింట చేర్చుకొనెను" అని సువార్తికుడు ఆ ఏర్పాటు అమలైన సంగతి కూడా విడిచిపెట్టకుండా నమోదు చేశాడు. లోకరక్షణ గురించి రాస్తున్నవాడికి ఒక తల్లి నివాసం గురించిన వివరం చిన్నదిగా తోచలేదు. నీకూ తోచకూడదు.

మా అమ్మ పోయే ముందు, మాట స్పష్టంగా ఉన్న ఆఖరి సాయంత్రం, పరలోకం గురించి ఏదైనా చెబుతుందని నేను ఎదురుచూశాను. ఆమె ఆ నెల చీటీ డబ్బు కట్టారా అని అడిగింది, కట్టామని చెప్పాక ప్రార్థన చేయమంది. తరువాత ఆమె గురించి రాసినప్పుడు, భక్తురాలి చివరి మాటల్లో చీటీ డబ్బు ఏమిటి, తీసేస్తే బాగుంటుందని సంఘంలో కొందరు పెద్దలు సలహా ఇచ్చారు. నేను తీయలేదు. ఎవరికీ బాకీ ఉండకుండా వెళ్లాలన్నది ఆమె భక్తిలో భాగమని నాకు తెలుసు, ఆ ప్రశ్న తీసేస్తే పేజీలో మిగిలేది మా అమ్మ కాదు.

ఇక శరీరం సంగతి. మరణం దగ్గరపడుతున్న మనిషి శరీరంలో ఏం జరుగుతుందో తెలుసుకోకుండా రాస్తే, భయంలో చూసినదాన్ని తప్పుగా రాసే ప్రమాదం ఉంది. ఆకలి పోతుంది. శరీరం ఆహారాన్ని వాడుకునే స్థితిలో లేక మానేస్తుంది తప్ప, తినకపోవడం వల్లనే ప్రాణం పోతున్నదని అనుకోనవసరం లేదు. ఆ దశలో బలవంతంగా పెడితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఉక్కిరిబిక్కిరి అయ్యే ప్రమాదం ఉంది. మన ఇళ్లలో ప్రేమ అన్నం ముద్దతోనే తెలుస్తుంది కనుక దీన్ని అంగీకరించడం అన్నిటికన్నా కష్టం. గంజి గిన్నె పట్టుకుని "ఒక్క చెంచా, అన్నయ్యా" అని బతిమాలుతున్న మీ మేనత్తను నువ్వు కొంచెం విసుగ్గా రాశావు. ఆమెను మళ్లీ చూసి రాయి. అలాగే, నర్సు "అప్పా, కొంజం తణ్ణి" (నాన్నా, కొంచెం నీళ్లు) అంటూ తడిగుడ్డతో నాన్నగారి పెదవులు అద్దడాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. "దప్పిగొనుచున్నాను" అన్న ప్రభువు మాటను ప్రతి శుభ శుక్రవారమూ వినే పాఠకులు నీకున్నారు. ఆ తడిగుడ్డను, ఆ పెదవులను ఉన్నవి ఉన్నట్టు రాస్తే చాలు, సిలువను నువ్వు పేరుపెట్టి చెప్పనక్కరలేదు. చివరి రోజుల్లో ఊపిరి మధ్యలో ఆగి ఆగి రావచ్చు, చేతులూ పాదాలూ చల్లబడవచ్చు, గొంతులో గురగుర వినిపించవచ్చు. ఆ శబ్దం ఆ సమయానికి స్పృహ తగ్గిన రోగిని బాధించేదానికన్నా వింటున్న ఇంటివాళ్లను ఎక్కువ భయపెడుతుంది. ముందే తెలిసి ఉంటే గదిలోంచి పారిపోకుండా కూర్చోగలుగుతావు.

మార్ఫిన్ గురించి నువ్వు రాసిన పేరా నన్ను బాధించింది. నొప్పి మందు అడిగితే విశ్వాసం తగ్గినట్టేనేమోనని నాన్నగారు రెండు రాత్రులు పళ్ల బిగువున ఓర్చుకున్నారని రాసి, దాన్ని ఘనతగా చూపించావు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కట్టుబాట్ల వల్ల మన దేశంలో ఆ మందు ఎందరో రోగులకు అందలేదు, 2014లో చట్టాన్ని సవరించిన తరువాతనే దారి కొంత సులువైంది. నొప్పికి తగిన మోతాదులో డాక్టరు చూసి ఇస్తే అది మరణాన్ని తొందరపెట్టదు. నొప్పి తగ్గినప్పుడే మనిషి మనవడి ముఖం చూడగలడు, పాస్టరుగారు ఇంటికి తెచ్చిన ప్రభు భోజనంలో పాలుపొందగలడు, మనస్ఫూర్తిగా ప్రార్థించగలడు. ఆయన ఓర్పు గొప్పదే. కానీ ఆ రాత్రులను ఆదర్శంగా చూపిస్తే, రేపు నీ వ్యాసం చదివిన ఇంకో ఇంట్లో ఇంకో తండ్రి అలాగే పళ్లు బిగించుకుని పడుకుంటాడు. ఆ భారం నీ కలం మీద ఉంటుంది.

పరామర్శకు వచ్చి, మీకు విశ్వాసం చాలకనే స్వస్థత రాలేదన్నవారి మీద నీకు కోపం ఉంది, దాన్ని దాచావు. దాచవద్దు, అయితే వాళ్లను శిక్షించడానికి కూడా రాయవద్దు. కష్టాల్లో పడిన యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు అతనితో నేలమీద మౌనంగా కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే, కారణాలు చెప్పడం మొదలుపెట్టాకనే చెడ్డారు.

నువ్వు ప్రార్థించలేకపోయిన రాత్రులు కూడా ఉండి ఉంటాయి. వాటి జాడ నీ పేజీల్లో లేదు. అవి బయటపడితే విశ్వాసం గురించి రాసే అర్హత పోతుందని భయపడ్డావేమో. పక్షవాయువుగలవానిని నలుగురు మోసుకొచ్చి, ఇంటి పైకప్పు విప్పి మంచాన్ని దించినప్పుడు యేసు "వారి విశ్వాసము చూచి" పలికాడని మార్కు రాశాడు. మంచం మీద ఉన్నవాడి విశ్వాసం ఎంతో ఆయన ప్రత్యేకించి చెప్పలేదు. రైలు పెట్టెలు తయారుచేసే కోచ్ ఫ్యాక్టరీలో నాన్నగారితో పనిచేసి విరమించిన పెద్దలు వంతులు వేసుకుని, మీరంతా కాసేపు నిద్రపోయేందుకు రాత్రిపూట వచ్చి కాపలా కూర్చుంటున్నారని ఉత్తరంలో రాశావు, వ్యాసంలో మాత్రం వాళ్లు లేరు. ఎందుకు లేరు? నీకు మాట రాని రాత్రి నీ తరఫున ఆ ఇంట్లో ప్రార్థించినది వాళ్లే కదా. వాళ్లు ఏ వేళకు వచ్చారు, చెప్పులు ఎక్కడ విడిచారు, నాన్నగారితో ఏ యంత్రం గురించి మాట్లాడి నవ్వించారు, వెళ్లేముందు ఎవరు మోకరించారు, ఇవన్నీ కావాలి. విశ్వాసం వల్ల కలిగే బలం చాలావరకు ఇలా ఇతరుల కాళ్లమీద నడిచి ఇంటికి వస్తుంది. నీ అనుభవాన్ని నీకూ దేవునికీ మధ్య జరిగిన సంగతిగా మాత్రమే రాస్తే ఆ బలంలో సగం బయటే నిలబడిపోతుంది.

తాతముత్తాతల చరిత్ర రాసిన రెండు పేజీలను ఒక పేరాకు కుదించు. ఒంగోలు ప్రాంతపు బాప్తిస్టు కుటుంబంలో పుట్టినవారికి ఆ కథ తెలిసినదే. అయితే అందులో నీకు అవసరమైనది ఒకటుంది. 1876 నుంచి 1878 వరకు సాగిన ధాత కరువులో, ఒంగోలులో సేవ చేసిన అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవారికి పని కల్పించారు. అన్నం కోసం మతం మారారనే మాట రాకూడదని, సహాయం అందుతున్నంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తమవాళ్లను ఆ కరువులో మట్టిచేసి వచ్చినవాళ్లు వాళ్లలో ఎందరో ఉండి ఉంటారు. మీ విశ్వాసం మీ ఇంటికి వచ్చిన దారి అది. ఆ కాలువే ఇవాళ చెన్నై మధ్యనుంచి మురికిగా పారుతున్నది. ఆసుపత్రికి వెళ్లే దారిలో నాన్నగారు దాన్ని చూపించి ఇది మన తాతలు తవ్వినదని అన్నారని నువ్వు రాసిన వాక్యం ఉంచు, మిగతా తేదీలూ పేర్లూ తీసేయి.

మరొక లోపం నాకు పెద్దదిగా కనిపించింది. నీ పేజీల్లో అమ్మగారు రెండేచోట్ల వస్తారు, రెండుచోట్లా కాఫీ అందిస్తూ. నువ్వు తండ్రిని పోగొట్టుకోబోతున్నావు, ఆమె భర్తను పోగొట్టుకోబోతున్నారు. తమిళం సరిగా రాకుండానే ఈ ఊరికి కాపురానికి వచ్చి, తెలుగు బైబిలు ఒక్కటే చదువుకుంటూ ఇల్లు నడిపిన మనిషి, ఆ గదిలో ఇప్పుడు ఏమనుకుంటున్నారో నువ్వు అడిగావా? కీల్పాక్ సమాధుల తోటలో చోటు చాలక కుటుంబ సమాధినే తిరిగి తెరవవలసి రావచ్చన్న మాటను పెద్దలు ఆమె ముందు ఎత్తారో లేదో, ఎత్తితే ఆమె ఏమన్నారో కూడా నీ పేజీల్లో లేదు. పేజీలు పక్కన పెట్టి ఒక మధ్యాహ్నం ఆమె దగ్గర కూర్చో.

నాన్నగారు ఇంకా మాట్లాడగలుగుతున్నారు కనుక ఆయనను కూడా అడుగు. ఆయన గురించి రాస్తున్నావని చెప్పి, చదివి వినిపించి, దుప్పటి మార్చిన ఆ రాత్రి సంగతి ఉండవచ్చా అని సూటిగా అడుగు. నీ వ్యాసానికి అదే ప్రాణమని నేనే అన్నాను, అయినా ఆయన వద్దంటే దాన్ని తీసేయవలసిందే. ఆ రాత్రి నీకెంత సొంతమో ఆయనకు అంతకన్నా ఎక్కువ సొంతం.

ప్రచురణ ఆలోచన ఇప్పుడు పెట్టుకోవద్దు. ఏ రోజు ఏం జరిగిందో, ఎవరు వచ్చారో, నాన్నగారు ఏమన్నారో చిన్న నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకో, వ్యాఖ్యానం చేయకు. ఇదంతా గడిచి, చదవగలనని నీకు అనిపించిన రోజున నాలుగో పేజీ నుంచి మొదలుపెట్టి తిరిగి రాసి పంపితే నేను వాక్యం వాక్యం చూసి పంపుతాను. ఈలోగా రాత్రి కాపలాకు మనుషులు చాలకపోతే వెంటనే ఫోన్ చేయి. మా సంఘంలో ఆసుపత్రి నుంచి విరమించిన నర్సులు ఇద్దరున్నారు, తెలుగువాళ్లే, అడిగితే వస్తామన్నారు. బుధ, శుక్రవారాలు వాళ్లకు వీలవుతుంది.

ప్రభువునందు నీ శ్రేయోభిలాషి