మిరపకాయ తింటే బ్రౌన్ ఫ్యాట్ పనిచేసి బరువు తగ్గుతుందా?

మీరు అడిగినవి రెండు: కారం తింటే బ్రౌన్ ఫ్యాట్ (శక్తిని ఖర్చుచేసి వేడి పుట్టించే ఒక రకం కొవ్వు) నిజంగా రగులుతుందా, క్యాప్సైసిన్ (మిరపకు ఘాటునిచ్చే పదార్థం) మాత్రలు కొనుక్కోవచ్చా అని. మొదటిదానికి జవాబు, కొందరిలో అవును. రెండోదానికి, బరువు కోసమే అయితే వద్దు.

క్యాప్సైసిన్ రక్తంలో కలిసి నేరుగా కొవ్వును కరిగించదు. నోట్లో, జీర్ణనాళంలో ఉన్న నరాల చివర్లలో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిని పసిగట్టేదీ ఇదే. క్యాప్సైసిన్ దీన్ని తట్టగానే కబురు మెదడుకు చేరుతుంది, అక్కడి నుంచి సింపథెటిక్ నరాల (మన ప్రమేయం లేకుండా శరీరాన్ని ఉత్తేజపరిచే నరాలు) ద్వారా బ్రౌన్ ఫ్యాట్‌కు వెళ్తుంది. ఆ నరాలు విడుదల చేసే నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనం వల్ల కణంలోని కొవ్వు విడిపోతుంది, యూసీపీ1 అనే ప్రోటీన్ పనిలోకి దిగుతుంది. అప్పుడు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఏటీపీగా (కణం వాడుకునే ఇంధనంగా) మారాల్సిన శక్తి నేరుగా వేడిగా పోతుంది.

చెమట సంగతి వేరు. కారం తిన్నాక నుదుటి మీద పట్టే చెమటను చాలామంది కొవ్వు కరుగుతున్న గుర్తు అనుకుంటారు. ఒంట్లో వేడి పెరిగిందని మెదడు భ్రమపడి, చల్లబరచడానికి చెమట పట్టిస్తుంది, చర్మంలోని రక్తనాళాలను విప్పుతుంది. ఎంత చెమట పట్టిందన్నదాన్ని బట్టి ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో చెప్పలేం.

ఇక అంకెలు. 2012లో జపాన్ పరిశోధకులు 18 మంది యువకులను ముందుగా 19 డిగ్రీల గదిలో పల్చటి బట్టలతో రెండు గంటలు ఉంచి, పెట్ స్కాన్‌లో ఎవరికి చురుకైన బ్రౌన్ ఫ్యాట్ ఉందో చూశారు. తర్వాత 27 డిగ్రీల దగ్గర 9 మిల్లీగ్రాముల క్యాప్సినాయిడ్లు (క్యాప్సైసిన్‌ను పోలిన, ఘాటు లేని పదార్థాలు) ఇచ్చి శక్తి ఖర్చు కొలిచారు. బ్రౌన్ ఫ్యాట్ ఉన్నవాళ్లలో గంటకు 15.2 కిలోజౌళ్లు పెరిగింది, లేనివాళ్లలో 1.7 మాత్రమే. తేడా స్పష్టమే. కానీ ఆ 15.2 కిలోజౌళ్లంటే మూడున్నర కేలరీల పైచిలుకు, అంతే! వయసు, బరువు పెరిగేకొద్దీ బ్రౌన్ ఫ్యాట్ చురుకుదనం తగ్గుతుంది కాబట్టి, ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే ఇది తక్కువగా అందుతుంది.

మామూలు ఎండు మిరప పొడితో చేసిన పరీక్షలోనూ అంతే: భోజనంలో ఒక గ్రాము కలిపితే నాలుగున్నర గంటల్లో అదనంగా ఖర్చయింది సుమారు 10 కేలరీలు. కిలో కొవ్వుకు 7,700 కేలరీలు లెక్కేస్తే, రోజూ ఈ పది చొప్పున కరగడానికి రెండేళ్లు దాటుతుంది. ఈలోగా ఆ కారాన్ని వేయించడానికి పోసిన ఒక్క టీస్పూన్ నూనె 40 కేలరీలు తెచ్చిపెడుతుంది. కారం తక్కువ తినేవాళ్లకు ఆకలి కొంచెం తగ్గడం అదే పరీక్షలో కనిపించింది. రోజూ తినేవాళ్లలో ఆ లాభం కనిపించలేదు.

క్యాప్సైసిన్‌కూ క్యాప్సినాయిడ్లకూ తేడా తెలుసుకోండి. రెండోవి ఘాటు లేని ఒక రకం మిరపలో దొరికాయి. నిర్మాణం దాదాపు ఒకటే, ఒక్క రసాయన బంధమే వేరు: అమైడ్ బదులు ఎస్టర్ ఉంటుంది. కారం వెయ్యో వంతు. పేగుల్లోనే విడిపోతాయి కాబట్టి మంట పుట్టించవు. ఆరు వారాలు రోజూ 9 మిల్లీగ్రాములు వాడితే చలిలో శరీరం వేడి పుట్టించే శక్తి పెరిగినట్టు తేలింది. పెరిగింది చలిలో, అది మరిచిపోకండి. రోజూ రెండు గంటలు 17 డిగ్రీల దగ్గర గడిపినా అలాంటి ఫలితమే వచ్చింది.

ఇంట్లో పరీక్షించుకుందామంటే కేలరీలు చూపే స్మార్ట్ వాచీలతో అయ్యే పని కాదు. ల్యాబ్‌లో కొలిచినా, విశ్రాంతిలో ఖర్చయ్యే కేలరీలు ఒకే మనిషిలో రోజుకూ రోజుకూ 3 నుంచి 5 శాతం మారుతుంటాయి. పది కేలరీలు అందులోనే కలిసిపోతాయి. లేబుల్‌లో కెఫీన్ ఉందేమో కూడా చూడండి, ‘ఫ్యాట్ బర్నర్’ మాత్రల్లో తెలిసే ఉత్సాహం చాలావరకు దానిదే.

గుండె జబ్బు ఉన్నవాళ్లు ఘాటైన మిరప మాత్రల జోలికి పోవద్దు. వాటి తర్వాత గుండె రక్తనాళాలు బిగుసుకుపోయిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఎసిడిటీ, అల్సర్ ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టకండి. మిగతావాళ్లు ఖాళీ కడుపున మాత్రం వేసుకోకండి, కడుపులో మంట, నొప్పి రావచ్చు.