చలిలో బతికే బ్యాక్టీరియా చదువు మన ఎండల్లో ఎవరికి కావాలి?

ప్రశ్న: మాది గుంటూరు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ అయ్యాక ఏడాది లాంగ్‌టర్మ్ చేసినా నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. ఇప్పుడు మంచు ప్రాంతాల్లో విష వ్యర్థాలను తినే బ్యాక్టీరియా మీద పరిశోధన చేస్తానంటోంది. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ పెట్టించమంటారా? లేదంటే బీఎస్సీ మైక్రోబయాలజీయా, బీటెక్ బయోటెక్నాలజీయా?

జవాబు: అయ్యా, చదువు పేరు మారుతుంది గానీ ఇలాంటి ప్రశ్న వెనకున్న భయం మారదు. డాక్టర్ సీటు రాలేదు, పిల్ల ఏమైపోతుందో, నలుగురికీ ఏం చెప్పుకోవాలో అని. ఏమీ అయిపోదు. మీ అమ్మాయి చెబుతున్నది నిజమైన పని.

1989లో అలస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికినప్పుడు రాళ్లకు పట్టిన జిడ్డు మీద నత్రజని, భాస్వరం ఉన్న ఎరువులు చల్లారు. అక్కడి బ్యాక్టీరియాకు బలం వచ్చి ఆ చమురును తొందరగా తినాలని. అంటార్కిటికాలోకైతే బయటి జీవుల్ని అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదని 1991 మాడ్రిడ్ ఒప్పందం చెబుతోంది. అక్కడ డీజిల్ ఒలికితే అక్కడి సూక్ష్మజీవుల్నే నమ్ముకోవాలి. మన దేశానికి అక్కడ మైత్రి, భారతి కేంద్రాలున్నాయి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో అంటార్కిటికా బ్యాక్టీరియా మీద ఏళ్ల తరబడి పని జరిగింది.

అవి చలిలో ఎలా పనిచేస్తాయో మీ వంటింట్లోనే తెలుస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున నెయ్యి గడ్డకడుతుంది, పక్క డబ్బాలో వేరుశనగ నూనె పారుతూనే ఉంటుంది. ఈ బ్యాక్టీరియా పైపొరలో కొవ్వులు ఆ నూనె తరహావి, అందుకే బిగుసుకుపోవు. వాటి ఎంజైములూ అంతే, వదులుగా ఉండి చలిలో కూడా కదులుతాయి. చమురులో ఉండే బెంజీన్ లాంటి విషాల్లో కార్బన్ పరమాణువులు వలయంగా ముడిపడి ఉంటాయి, ఆ వలయానికి ఆక్సిజన్ తగిలించి తెంచేస్తాయి. తెగిన ముక్కలు వాటికి మామూలు తిండి, చివరికి మిగిలేది కార్బన్ డయాక్సైడ్, నీరు. పని మాత్రం నిదానం. పైగా చలికి చమురు చిక్కబడుతుంది, ఆవిరైపోవాల్సిన విషం అక్కడే ఉండిపోతుంది. పరిశోధన కావాల్సింది అందుకే.

మన ఎండల్లో ఎవరికి కావాలంటారా? ఫ్రిజ్‌లో మరిచిపోయిన పాలు కూడా పాడయ్యేది చలిని తట్టుకునే సూడోమోనాస్ లాంటి వాటివల్లే. విష పదార్థాలను తినడంలో పేరున్నదీ ఆ జాతే. దాన్ని పెంచి, గుర్తుపట్టడం వచ్చిన పిల్ల డెయిరీలోనూ, వ్యర్థజలాల శుద్ధిలోనూ పనికొస్తుంది.

ఇక బీటెక్ బయోటెక్నాలజీ. దానిమీద నాకున్న అనుమానం దాచుకోను. మంచి సంస్థలో మంచి కోర్సే. కానీ నాలుగేళ్లు చదివి, లక్షలు కట్టి నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయిని సీరియల్ డైల్యూషన్, అంటే బ్యాక్టీరియాను లెక్కించడానికి నమూనాను అంచెలంచెలుగా పలచబరచడం, చేశావా అని అడిగితే, "ల్యాబ్ అసిస్టెంట్ చేస్తుంటే చూశాం సార్" అన్నాడు. మనసు చివుక్కుమంది. యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, కాయ చేత్తో పట్టుకుని, రంగు, తాలు చూడందే మీరు ధర చెప్పరు గదా? మరి రంగుల బ్రోచర్ చూసి పిల్ల నాలుగేళ్లు ఎలా కొంటారు? కాలేజీకి వెళ్లి ల్యాబ్ తెరిపించండి. ప్లేట్ల మీద బ్యాక్టీరియా పెంచేది పిల్లలేనా అని అక్కడి పిల్లల్నే అడగండి.

నేనైతే బీఎస్సీ మైక్రోబయాలజీ అంటాను. తర్వాత జామ్ గానీ గాట్-బీ గానీ, ఆ ప్రవేశ పరీక్ష రాసి మంచిచోట ఎమ్మెస్సీ, ఆపైన పరిశోధనకు దారి చూపే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ వస్తే పరిశోధన చేస్తూనే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. చలి బ్యాక్టీరియా అనే ముద్ర ఇప్పుడే అక్కర్లేదు, అది పీహెచ్‌డీలో తేలే సంగతి.

రెండో లాంగ్‌టర్మ్ మాట మాత్రం ఎత్తకండి. మీ ప్రశ్నలో ర్యాంకు ఉంది, సీటు ఉంది, ఈ ఆసక్తి అమ్మాయికి ఎక్కడ పుట్టిందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? ఈ రాత్రి భోజనాల దగ్గర అడగండి, అడ్డు తగలకుండా వినండి. ఫీజు కట్టేముందు అమ్మాయిని తీసుకుని ఒకసారి విజయవాడ రండి. నాతో మాట్లాడాల్సింది మాత్రం ఆవిడ.