గేర్‌బాక్స్ మళ్ళీ దించేముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు వింటేనే సగం సంగతి అర్థమైంది. క్లచ్ సెట్ మొత్తం మార్చి పంపిన ఆల్టో మూడో రోజుకి తిరిగొచ్చింది. ఫస్ట్ గేరు బలవంతం చేస్తేగానీ పడటం లేదు, రివర్స్ వేస్తే కర్రుమంటోంది. బండాయన షెడ్డు ముందు నిలబడి పక్క షాపుల వాళ్ళందరూ వినేలా మాట్లాడాడు. నువ్వేమో "పొద్దున్నే గేర్‌బాక్స్ దించేస్తా మామయ్యా" అన్నావు. నేను చెప్పింది ఆ కంప్రెసర్ మోతలో నీకు సగమే వినిపించి ఉంటుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

దించకు. కనీసం మధ్యాహ్నం దాకా దాని జోలికి పోకు.

లోపలి పని చేసి వచ్చాం కాబట్టి మనసు లోపలికే లాగుతుంది. ఏదో తప్పు బిగించాననే భయం ఒకటి. నేనూ అలా దించినవాణ్ణే. నలభై ఏళ్ళలో ఎన్నిసార్లు ఊరికే దించి ఊరికే ఎక్కించానో లెక్క చెబితే నీ దగ్గర నా పరువు పోతుంది. క్లచ్ మార్చాక వచ్చే గేర్ కంప్లయింట్లలో నా చేతి మీదుగా వెళ్ళినవి చాలావరకు గేర్‌బాక్స్ పెట్టె బయటే తేలాయి.

ముందు ఇంజిన్ ఆపి సీట్లో కూర్చో. క్లచ్ తొక్కి ఒకటి నుంచి ఐదు దాకా, రివర్స్‌తో సహా, ఒక్కొక్కటే వేసి చూడు. ఆగి ఉన్న బండిలో పన్ను మీద పన్ను ఆనితే ఒక్కోసారి గేరు పడదు, అది తప్పు కాదు. బండిని కాస్త ముందుకీ వెనక్కీ ఊపి మళ్ళీ వెయ్యి. అన్నీ తేలిగ్గా పడి, స్టార్ట్ చేశాక మాత్రమే మొండికేస్తున్నాయంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదని, అంటే పెడల్ తొక్కినా గేర్‌బాక్స్ ఇంజిన్ నుంచి విడిపోవడం లేదని అర్థం. ఇంజిన్ ఆపినా అదే బిగుతు ఉంటే క్లచ్‌ని వదిలేసి గేర్ లివరు వెంట పో.

తర్వాత రివర్స్‌ని అడుగు. ఆల్టో లాంటి చిన్న బండ్లలో ముందుకు వెళ్ళే గేర్లకి వాటి వేగాలు కలిపి చప్పుడు లేకుండా పడేలా చేసే సింక్రో రింగులు ఉంటాయి, రివర్స్‌కి ఉండవు. అందుకని లోపల గేర్‌బాక్స్ షాఫ్టు ఏమాత్రం తిరుగుతున్నా రివర్స్ దాచిపెట్టలేదు. ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో, న్యూట్రల్‌లో ఉంచి క్లచ్ అడుగుదాకా తొక్కు. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి అప్పుడు రివర్స్ వెయ్యి. తొక్కినప్పుడు క్లచ్ సరిగా వదులుతుంటే ఆ కాసేపట్లో షాఫ్టు ఆగిపోతుంది, గేరు చప్పుడు చెయ్యకుండా పడుతుంది. ఐదు లెక్కపెట్టాక కూడా కర్రుమంటే షాఫ్టు ఇంకా ఇంజిన్‌తో పాటు తిరుగుతోందన్నమాట. ఈ పరీక్ష నువ్వు ఒకసారి చెయ్యి, బండాయన చేత ఒకసారి చేయించు. కొంతమంది క్లచ్ మీద కాలు పడీపడకముందే లివరు లాగేస్తారు. పాత క్లచ్‌తో ఎలా నెట్టుకొచ్చారో గానీ, కొత్తది వేశాక ఆ కర్రు వాళ్ళ చెవికి మొదటిసారి వినిపిస్తుంది.

ఇంకా సీట్లోంచి దిగకు. కిందికి వంగి మ్యాట్ తీసెయ్యి. నవ్వకు. నూడుల్స్‌లా మెత్తగా, దళసరిగా ఉండే మ్యాట్లు వస్తున్నాయి చూడు, ఒకాయన అది తెచ్చి కంపెనీ మ్యాట్ మీదే పరిచాడు. పెడలు అడుగుదాకా వెళ్ళకుండా వేలెడు మందం అడ్డం. నేను గంటసేపు బండి కింద పడుకుని కేబుల్ బిగిస్తూ, వదులు చేస్తూ చచ్చాను. మా కుర్రాడు లోపల తుడుద్దామని మ్యాట్ లాగి బయట దులిపాడు. గేర్లు పడ్డాయి. ఆయన దగ్గర డబ్బులు తీసుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇక నీ ఆల్టో సంగతి. నా అనుమానం అంతా కేబుల్ మీదే. ఎందుకో నిదానంగా చదువు, ఇది చాలామంది సీనియర్లకే ఎక్కలేదు. క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ, దాన్ని నొక్కిపట్టే డయాఫ్రమ్ స్ప్రింగు వేళ్ళు గేర్‌బాక్స్ వైపు జరుగుతూ, పెడల్ తొక్కితే వాటిని నెట్టే రిలీజ్ బేరింగ్‌కి దగ్గరవుతాయి. అంటే పెడల్ దగ్గర ఉండాల్సిన ఆట, ఊరికే కదిలే ఆ ఖాళీ, తగ్గిపోతుంది. దానికోసం ఎవరో ఒకరు ఎప్పుడో కేబుల్ చివరి అడ్జస్టింగ్ నట్టు వదులు చేసి ఉంటారు. ఇప్పుడు నువ్వు కొత్త ప్లేటు వేశావు, దళసరి ప్లేటు. వేళ్ళు మళ్ళీ వెనక్కి, ఇంజిన్ చివర తిరిగే ఫ్లైవీల్ వైపు పోయాయి. నట్టు మాత్రం పాత చోటే ఉంది. అరిగిన ప్లేటుకి సరిపోయిన ఆ వదులు ఇప్పుడు ఎక్కువైంది. పెడలు సగం దూరం ఉత్తినే పోతుంది, మిగిలిన సగంలో క్లచ్ పూర్తిగా వదలదు. ఇలా జరిగినప్పుడు కనిపించే లక్షణాలే నీ బండికీ ఉన్నాయి.

చేత్తో పెడల్‌ని మెల్లగా నొక్కు, కాలితో కాదు. బేరింగు వేళ్ళకి ఆనేచోట చేతికి తెలుస్తుంది, అక్కడిదాకా ఎంత ఖాళీగా పోయిందో స్కేలు పెట్టి చూడు. చిన్న మారుతీ బండ్లలో రమారమి 15 నుంచి 25 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ మోడల్ పుస్తకం ఉంటే అందులోని అంకే ఖాయం చేసుకో. ఎక్కువ ఉంటే గేర్‌బాక్స్ దగ్గర క్లచ్ లివరు చివర నట్టు తిప్పుతూ సర్దు, ప్రతి రెండు చుట్లకీ ఒకసారి పెడల్ తొక్కి చూడు. అతి చెయ్యకు. ఆట అసలు లేకుండా లాగి బిగిస్తే గేర్లు చక్కగా పడతాయి, బండాయన దండం పెట్టి వెళ్తాడు. కానీ బేరింగు ఎప్పుడూ వేళ్ళ మీదే తిరుగుతుంది, క్లచ్ జారుతుంది, ఆరు నెలల్లో మళ్ళీ నీ గుమ్మం ముందుంటాడు.

పాత కేబులే వేశావా? అయితే రెండు చివర్లూ విప్పి లోపలి తీగ చేత్తో లాగి చూడు. గరగరలాడితే మార్చెయ్. తొడుగు చివర ఉండే రబ్బరు దాని గూట్లో సరిగా కూర్చుందో లేదో చూడు, పక్కకి తప్పితే తొక్కినప్పుడు తీగకి బదులు తొడుగు కదులుతుంది. ఆ క్లచ్ లివరుని దాని షాఫ్టు నుంచి విప్పి ఉంటే, రెండింటి మీదా ఉండే గుర్తు చుక్కలు కలిపే వేశావా? ఒక్క పన్ను తేడా వచ్చినా నట్టు చివరిదాకా బిగించినా చాలదు.

కేబుల్ మాట వచ్చింది కాబట్టి నా తప్పొకటి చెప్తాను. ఒక మారుతి 800కి క్లచ్ వేశాను. వారానికి పెడలు రాయిలా అయింది. కేబుల్ మార్చాను. పది రోజులకి మళ్ళీ అదే. రెండో కేబుల్ విప్పితే లోపలి ప్లాస్టిక్ కరిగి తీగకి అంటుకుపోయి ఉంది. చుట్టూ సైలెన్సరు వేడి లేదు, ఏమీ లేదు. మూడోది వేసి, కుర్రాణ్ణి సెల్ఫ్ కొట్టమని ఊరికే దాని మీద వేలు పెట్టాను. చుర్రుమంది. గేర్‌బాక్స్ దించినప్పుడు విప్పిన ఎర్తు పట్టీ నేను తిరిగి బిగించలేదు, వెనకాల వేలాడుతోంది. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కదా, స్టార్టర్ కరెంటు బాడీకి పోవడానికి వేరే దారి లేక క్లచ్ కేబుల్‌నే దారి చేసుకుంది. అప్పటినుంచీ క్లచ్ పని అయ్యాక ఎర్తు పట్టీ బోల్టు చేత్తో పట్టుకుని ఊపకుండా బండి బయటికి పంపలేదు.

ఇన్నోవా లాంటివి వచ్చినప్పుడు కేబుల్ ఉండదు, ఫ్లూయిడ్‌తో నడిచే క్లచ్. అక్కడ మొదటి పరీక్ష పంపింగు. పెడల్‌ని నాలుగైదుసార్లు టకటకా కొట్టి వెంటనే గేరు వేస్తే పడి, ఒకేసారి తొక్కితే పడకపోతే లైన్లో గాలి ఉంది, లేదా పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ లోపల ఫ్లూయిడ్ వాషరుని దాటేస్తోంది. గేర్‌బాక్స్ దించేటప్పుడు కింది సిలిండర్ని పైపు విప్పకుండా పక్కకి కట్టేస్తాం, మంచిదే. కానీ అది వేలాడుతున్నప్పుడు ఎవడో పాట వినడానికి లోపల కూర్చుని క్లచ్ తొక్కుతాడు. పిస్టను బయటికి వచ్చేస్తుంది, గాలి లోపలికి పోతుంది. ఎయిర్ తీసేటప్పుడు డబ్బాలో ఫ్లూయిడ్ అడుగంటనివ్వకు, అంటితే మళ్ళీ మొదటికొస్తావు. ఎయిర్ తీశాక కింది సిలిండర్ రబ్బరు టోపీ ఎత్తి చూడు, లోపల నల్లటి తడి ఉంటే కిట్టు మార్చాలి. ఆ ఫ్లూయిడ్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడుగు. రంగు లేచిపోయాక పెయింటరు ఖర్చు నీదే.

గేర్ లివరు వైపు సంగతి పెద్దగా లేదు. క్లిప్పు ఒకటి మర్చిపోయి ఉంటావు, బుష్షు ఊడి ఉంటుంది, బ్రాకెట్టు కొంచెం పక్కకి బిగించి ఉంటావు. ఒకరు లోపల గేర్లు మారుస్తుంటే ఒకరు కింద చూస్తే రెండు నిమిషాల పని. మౌంటింగు బోల్టులు కూడా పనిలో పనిగా చూసెయ్.

గేర్ ఆయిల్ పోశావా అని అడగడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ అడుగుతున్నాను. డ్రైవ్ షాఫ్టులు లాగినప్పుడు కారిపోతుంది కదా. పోసి ఉంటే ఏది పోశావు? షాపువాడు 75డబ్ల్యూ-90 అని ఇస్తే డబ్బా మీద జీఎల్-4 అని ఉందో జీఎల్-5 అని ఉందో చదువు. జీఎల్-4 అడిగే పెట్టెలో జీఎల్-5 పోస్తే ఇత్తడి సింక్రో రింగులకి కావాల్సిన పట్టు దొరక్క గేర్లు బిగుసుకునే అవకాశం ఉంది.

ఇవన్నీ చూశాక కూడా రివర్స్ కర్రుమంటూనే ఉంటే, సరే, దించు. అప్పుడు దించడానికి నీకో కారణం ఉంటుంది, ఏం వెతకాలో తెలుస్తుంది.

ప్లేటు తిరగేసి వేశావేమో ముందు చూడు. ఏ వైపు ఫ్లైవీల్‌కి ఆనాలో దాని మీదే అచ్చు ఉంటుంది. చాలా బండ్లలో స్ప్రింగుల దిమ్మ ఎదుటి వైపుకి, అంటే ప్రెజర్ ప్లేటు వైపు ఉండాలి. తిరగబడితే ఆ దిమ్మ ఫ్లైవీల్ బోల్టులకి రాసుకుంటుంది, అక్కడ మెరిసే గీత పడుతుంది. షాఫ్టు పళ్ళ మీద ప్లేటు చేత్తో జారాలి. జారకపోతే తుప్పు గోకి, గ్రీజు పలచగా రాసి, ప్లేటు రెండుసార్లు ఎక్కించి దించి, బయటికొచ్చిన గ్రీజు గుడ్డతో తుడిచెయ్. ఎక్కువ పెడితే తిరిగేటప్పుడు చిమ్మి ప్లేటు మొహాన పడుతుంది, ఆ తర్వాత బండి కదిలించేటప్పుడు గుడగుడలాడుతుంది. ఇన్నోవా లాంటి, ఇంజిన్ వెనక చక్రాలని తిప్పే బండి అయితే క్రాంక్ చివర ఉండే చిన్న పైలట్ బేరింగులో వేలు పెట్టి తిప్పు. అది పట్టేస్తే క్లచ్ ఎంత బాగా వదిలినా షాఫ్టుని ఇంజినే తిప్పుతూ ఉంటుంది, నువ్వు మాత్రం క్లచ్‌నే తిట్టుకుంటూ కూర్చుంటావు.

ఇక అన్నిటికంటే నాకు భయం వేసేది ప్లేటు వంగడం. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఒక రాత్రి, తెల్లారి బండి కావాలంటే ఇద్దరం కలిసి గేర్‌బాక్స్ ఎక్కిస్తున్నాం. షాఫ్టు ప్లేటులోకి దూరింది, ఇంకా బెత్తెడు ఖాళీ ఉంది. పై బోల్టు దొర్లి ఎక్కడో పడింది. దానికోసం వెతుకుతూ పెట్టె బరువంతా ఆ షాఫ్టు మీదే వదిలేశాం, ఒక్క నిమిషం ఉంటుందేమో. బోల్టులతో లాగి బిగించేశాం. పెళ్ళికొడుకు బండి మండపం ముందే గేరు పడక ఆగింది. తర్వాత ప్లేటుని లేత్ మీద పెట్టి తిప్పితే కంటికే కనిపించింది ఊగడం. టయోటా పుస్తకాల్లో ఆ ఊపు 0.8 మిల్లీమీటర్లు దాటకూడదని రాసి ఉంటుంది. పెట్టె ఇంజిన్‌కి పూర్తిగా ఆనేదాకా జాకీ దాని కిందనే ఉండాలి. బోల్టులతో లాగి కలపకూడదు, చేత్తో నెడితేనే కలవాలి. కలవడం లేదంటే ఏదో అడ్డం ఉంది. డోవెల్ పిన్నులు రెండూ వాటి చోట ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూడు, అవి లేకపోతే పెట్టె వెంట్రుకవాసి పక్కకి కూర్చుంటుంది.

బండాయన సంగతి. తప్పు నీ బిగింపులో తేలితే దాచకు, రెండోసారి లేబరు అడగకు. తప్పు ఆయన మ్యాట్‌దే అయినా నలుగురిలో అనకు, పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పి చూపించు. కొత్త క్లచ్ పట్టే ఎత్తు పాతదానికంటే తేడాగా ఉంటుందని బండి ఇచ్చేరోజే చెప్పి ఉంటే సగం గొడవ తగ్గేది. మొదటి ఐదు వందల కిలోమీటర్లు లాగుడు, ఎక్కుడు లేకుండా నిదానంగా తోలమను.

రేపు సాయంత్రం ఫోన్ చెయ్యి, కంప్రెసర్ ఆపి చెయ్యి. దించాల్సివస్తే మాత్రం ఒట్టి జాకీ మీద బండి నిలబెట్టి ఆ కుర్రాణ్ణి కిందికి పంపకు. స్టాండ్లు లేకపోతే మన పాత షెడ్డులో రెండు జతలున్నాయి, బస్సులో వేసి పంపిస్తాను.

ఇట్లు,
మామయ్య