యూనియన్ గురించి రాస్తున్న శిరీషకు

గుంటూరు

చిరంజీవి శిరీషకు ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. నడిమికి గీత గీసి ఎడమవైపు కార్మిక సంఘాల లాభాలు, కుడివైపు నష్టాలు పేర్చావు. పరీక్ష పేపరైతే మంచి మార్కులే వేసేవాణ్ణి. కానీ అందులో ఒక్క మనిషీ కనపడలేదమ్మా. జీతాలు పెరుగుతాయన్నావు, పని కుంటుపడుతుందన్నావు. ఎవరి జీతం? ఎక్కడి పని?

నాకు తెలిసినంతలో ఆ రెండు వరసలూ వేరు కావు. లోపలివాడికి బలమైనదే బయటివాడికి అడ్డం. మార్చి నెలలో ఒకసారి మన మిర్చి యార్డుకి పొద్దున్నే వెళ్లు. ముఠా కార్మికులు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించుతుంటారు. టిక్కీకి ఇంత అని రేటు ముందే ఖాయం, ఏ వ్యాపారీ ఒక్కొక్కడితో విడిగా బేరమాడలేడు. అది సంఘం పుణ్యమే. మరి అదే ముఠాలో కొత్తవాడు చేరాలంటే? ఖాళీ రావాలి. వచ్చేసరికి ఎవరి కొడుకో బావమరిదో సిద్ధంగా ఉంటాడు. వచ్చినవాళ్లందరినీ చేర్చుకుంటే రేటు నిలవదు, చేర్చుకోకపోతే బయటివాడికి పని లేదు. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి.

2023 డిసెంబరు 12న మొదలైన అంగన్‌వాడీల సమ్మె నీకు గుర్తుండే ఉంటుంది. 42 రోజులు నడిచింది. అప్పటికి వర్కరుకు నెలకు 11,500, హెల్పరుకు 7,000 ఇస్తున్నారు. వీళ్లకు గ్రాట్యుటీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది. అదీ అడిగారు, జీతమూ అడిగారు. విజయవాడ ధర్నా చౌక్‌లో కూర్చున్నారు. జనవరిలో ప్రభుత్వం, అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించినా వెంటనే లేవలేదు. ఒక్కొక్కరుగా అడిగి ఉంటే ఎవరు పట్టించుకునేవాళ్లు?

ఇప్పుడు అటువైపు నుంచి చూడు. గుంటూరులో ఏదో గోడౌన్‌లో మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీ. మూడేళ్ల పిల్లను అంగన్‌వాడీలో దింపి పనికిపోయే మనిషి. ఆ 42 రోజులు పిల్లను ఎక్కడ ఉంచింది? కొన్ని చోట్ల గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది తాళాలు పగలగొట్టి కేంద్రాలు తెరిచారు, కానీ కొత్త ముఖాల దగ్గర పిల్ల ఉంటుందా? వెంట తీసుకెళ్తే, ఘాటుకి అది దగ్గుతుంటే మేస్త్రి ఏమన్నాడు? ఈవిడకి సంఘం లేదు, సెలవూ లేదు. టీచరమ్మ మీద కోపం వచ్చి ఉంటుంది. నాకూ అలా కూర్చునే వీలుంటే బాగుండును అనీ అనుకుని ఉంటుంది. రెండూ ఒకే పూట అనుకున్నా నాకేం ఆశ్చర్యం లేదు. నువ్వు ఆవిణ్ణి రాయి. మిగతావి సగం తీసేసినా ఫర్వాలేదు.

చట్టం సంగతి. నువ్వు 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం దగ్గరే ఆగిపోయావు. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఇదివరకు ప్రజావసర సేవల్లోనే సమ్మెకు ముందస్తు నోటీసు తప్పనిసరి, ఇప్పుడు ఏ పారిశ్రామిక సంస్థలోనైనా 14 రోజుల ముందు ఇవ్వాలి. సగం మంది ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెట్టినా అది సమ్మె కిందే లెక్క. కాబట్టి ఆటోనగర్ లారీ షెడ్డులో పొద్దున గొడవ, మధ్యాహ్నం సమ్మె అని నువ్వు రాసింది ఇక చెల్లదు. అంత కోపాన్నీ 14 రోజులు మోయాలి. రాసేవాళ్లకి అది మంచిదే, ఆ రోజుల్లో ఓనరు ఎవరెవర్ని విడిగా పిలిచి టీ ఇప్పిస్తాడో రాసుకోవచ్చు. ఒకటికి మించి సంఘాలుంటే, 51 శాతం మద్దతున్న సంఘమే యాజమాన్యంతో మాట్లాడుతుంది. మూడు జెండాలవాళ్లు ఒకరినొకరు తిట్టుకుంటుంటే ఓనరు నవ్వుకోవడం చూసినవాణ్ణి, నాకిది తప్పనిపించదు. చిన్న సంఘాల భయమూ ఉత్తదేం కాదు.

విజయవాడ బెంజ్ సర్కిల్ డెలివరీ కుర్రాళ్ల మీద ఒక్క వాక్యం రాసి వదిలేశావేం? వాళ్లకి మేనేజరు ముఖమే తెలీదు. సమ్మె అంటే లాగౌట్ అవడం. అందరూ లాగౌట్ అయితే యాప్ ఇన్సెంటివ్ పెంచుతుంది, బండి ఈఎంఐ టెన్షన్ ఉన్నవాడు రాత్రికి లాగిన్ అవుతాడు. వాణ్ణి ద్రోహి అని రాయకు. సామాజిక భద్రతా కోడ్ వీళ్లను గుర్తించింది, కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి కట్టాలంది. ఆర్డరుకి ఎంత ఇస్తారన్నది మాత్రం ఇప్పటికీ ఫోన్లో కనపడినంతే.

ఇంకొకటి. నీ నాయకుడు ఎప్పుడూ పిడికిలి బిగించే ఉంటాడు. నేనెరిగిన నాయకుల చేతిలో ఎక్కువగా ప్లాస్టిక్ ఫైలే ఉండేది. ఎవరికో పీఎఫ్ పడలేదు, ఎవరికో ఈఎస్‌ఐ కార్డు రాలేదు, లేబర్ ఆఫీసు వరండాలో కూర్చునేవాళ్లు. చప్పట్లు ఉండవు గనక ఆ పని ఎవరూ రాయరు. పని ఎగ్గొట్టేవాణ్ణి చందా కట్టాడని వెనకేసుకొచ్చినవాళ్లనీ చూశాను. అదీ రాయి. వాడివల్ల ఓనరు కంటే ముందు నష్టపోయేది, వాడి పని కూడా నెత్తినేసుకునే పక్కవాడు.

'మాస్టారూ, ఎవరి పక్షాన రాయాలి?' అన్నావు. నాకైతే పక్షం ఉంది. సంఘమే లేని చోటుకంటే లోపాలున్న సంఘం ఉన్న చోటే నయమంటాను. నువ్వు అలాగే అనాలనేం లేదు, గోడౌన్‌కి వెళ్లొచ్చాక నీకే తోస్తుంది. చేతిరుమాలు మర్చిపోకు, ఘాటుకి కళ్లు మండిపోతాయి. పుస్తకం బయటికి తీయకు, మేస్త్రి అనుమానపడతాడు. ఆవిడ పనిలో ఉన్నంతసేపు కదిలించకు, తొడిమలు తీసినందుకు కిలోల లెక్కనే కూలి ఇస్తారు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు