అక్టోబరు తేదీలు: ఒకే సంఘటనకు రెండు తేదీలు కనిపిస్తే ఏది వేసుకోవాలి?

అక్టోబరు నెలకు రోజుకో చారిత్రక సంఘటన, ఆ రోజు పుట్టిన ఒక సంగీతకారుడి పేరు చొప్పున పట్టిక తయారుచేస్తున్నానని, ఒక్కో చోట ఒక్కో తేదీ కనిపిస్తోందని, ఏది నమ్మాలని అడిగారు.

తేదీని ఒంటరిగా రాసుకోకండి. ఏ క్యాలెండరు ప్రకారం, ఏ ఊరి సమయం ప్రకారం, ఏ కాగితం ఆధారంగా అన్న మూడు వివరాలు దాని పక్కనే ఉండాలి. ఇవి రాసుకోవడం మొదలుపెడితే తేడాల్లో చాలావరకు వాటంతటవే విడిపోతాయి. తప్పు తేదీలని మనం అనుకునేవాటిలో చాలా భాగం వేరే లెక్కలో రాసిన సరైన తేదీలే.

ముందు క్యాలెండరు సంగతి. ఈ గొడవ పుట్టిందే అక్టోబరులో. 1582లో పాత జూలియన్ క్యాలెండరు వదిలి ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండరుకు మారినప్పుడు ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్, పోలండ్ దేశాల్లో అక్టోబరు 4 గురువారం గడిచి తెల్లారితే అక్టోబరు 15 శుక్రవారం. మధ్యలోని పది తేదీలు అక్కడ లేనే లేవు. అవిలా థెరీసా అనే సన్యాసిని సరిగ్గా ఆ రాత్రే కన్నుమూశారు. మర్నాడు సమాధి చేస్తే ఆ మర్నాడు 15వ తేదీ అయింది, ఆమె పండుగ ఇప్పటికీ అక్టోబరు 15నే వస్తుంది. కాబట్టి '1582 అక్టోబరు 10, రోము' అని ఎక్కడైనా కనిపిస్తే ఆలోచించకుండా కొట్టేయండి. అదే తేదీ లండన్‌కు మాత్రం చెల్లుతుంది, ఎందుకంటే ఇంగ్లండ్ 1752 దాకా పాత జూలియన్ లెక్కలోనే ఉంది.

జూలియన్ తేదీని ఇప్పటి గ్రెగోరియన్‌లోకి మార్చాలంటే 1582 మార్పు నుంచి 1700 ఫిబ్రవరి దాకా 10 రోజులు, అక్కడి నుంచి 1800 ఫిబ్రవరి దాకా 11, 1900 ఫిబ్రవరి దాకా 12, ఆ తర్వాత 13 రోజులు కలపాలి. 1700, 1800, 1900 సంవత్సరాలు పాత లెక్కలో లీపు సంవత్సరాలు, కొత్త లెక్కలో కావు. అందుకే వంద ఏళ్లకోసారి ఒక్కో రోజు చొప్పున తేడా పెరిగింది.

ఇది బాగా తగిలేది రష్యా సామ్రాజ్యంలో పుట్టినవాళ్ల దగ్గర. పియానిస్టు వ్లాదిమిర్ హొరొవిట్జ్ పాత లెక్కలో 1903 సెప్టెంబరు 18న పుట్టారు. 13 కలిపితే అక్టోబరు 1. పందొమ్మిదో శతాబ్దపు 12 రోజుల తేడాను పొరపాటున వాడితే సెప్టెంబరు 30 వస్తుంది, మనిషి మీ నెలలోంచే జారిపోతాడు. ఇంకో పియానిస్టు ఎమిల్ గిలెల్స్ పుట్టింది 1916 అక్టోబరు 6, కొత్త లెక్కలో అక్టోబరు 19. ఇక్కడ ఎదురయ్యే తప్పు వేరే రకం. ఇదివరకే మార్చిన 19కి మళ్లీ 13 కలిపేసి నవంబరు 1 చేస్తారు. మీకు దొరికిన తేదీ మార్చినదో కాదో తేలనంతవరకు దానికి ఏమీ కలపకండి. రెండు తేదీలు దొరికి వాటి మధ్య తేడా సరిగ్గా 13 ఉంటే, ముందుది పాత లెక్క, వెనకది కొత్త లెక్క అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

రష్యాలో 1918 జనవరి 31 తర్వాత నేరుగా ఫిబ్రవరి 14 వచ్చింది. అందుకే 1917 అక్టోబరు 25న మొదలైన 'అక్టోబరు విప్లవం' ఇప్పటి లెక్కలో నవంబరు 7. మీ పట్టిక మొత్తం గ్రెగోరియన్‌లో ఉంటే దాన్ని నవంబరులోనే పెట్టండి. పేరులో అక్టోబరు ఉంది కదా అని 25న పెడితే, పక్కనే మార్చి రాసిన గిలెల్స్ తేదీతో పొంతన ఉండదు.

1582కు ముందువాటిని మాత్రం మార్చకండి. చరిత్ర పుస్తకాలన్నీ వాటిని జూలియన్‌లోనే ఉంచుతాయి. 1066 అక్టోబరు 14 హేస్టింగ్స్ యుద్ధం, 1415 అక్టోబరు 25 అజిన్‌కోర్ట్ యుద్ధం, 1492 అక్టోబరు 12 కొలంబస్ నేల చేరడం, అన్నీ ఉన్నవున్నట్టే వేసుకోండి. చిక్కు వచ్చేది కంప్యూటర్‌తో వారం లెక్క కట్టించినప్పుడు. కొలంబస్ నేల చేరింది శుక్రవారం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 1492 అక్టోబరు 12 ఇస్తే బుధవారం అంటుంది, ఎందుకంటే అది గ్రెగోరియన్ నియమాన్నే మొదటి సంవత్సరం దాకా వెనక్కి లాగి లెక్క కడుతుంది. పదిహేనో శతాబ్దం చివర్లో తేడా 9 రోజులు. అక్టోబరు 21 ఇచ్చి చూడండి, శుక్రవారం వస్తుంది.

ఎక్సెల్ వాడేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. దాని తేదీలు 1900 జనవరి 1తో మొదలవుతాయి. పియానిస్టు, సంగీతకర్త ఫ్రాంజ్ లిస్ట్ పుట్టిన 1811 అక్టోబరు 22ను అది తేదీగా గుర్తించదు, మామూలు అక్షరాలుగా ఉంచేస్తుంది. ఆ తర్వాత మీరు వరుస సర్దితే పాతవాళ్లంతా ఒక గుంపుగా వేరే చోట పడతారు. సంవత్సరం, నెల, రోజు మూడింటికి మూడు కాలమ్స్ పెట్టి అంకెలుగా రాస్తే ఈ బాధ ఉండదు.

క్యాలెండరు కలవని ఇద్దరి వయసులు పోల్చేటప్పుడూ జాగ్రత్త. సంగీతకర్తలు డొమెనికో స్కార్లట్టి, బాఖ్, హేండెల్ ముగ్గురూ 1685లోనే పుట్టారు. నేపుల్స్‌లో పుట్టిన స్కార్లట్టి తేదీ అక్టోబరు 26, అది కొత్త లెక్క. బాఖ్‌కు మనం చెప్పుకునే మార్చి 21 మాత్రం పాత లెక్క, ఎందుకంటే ప్రొటెస్టెంట్ జర్మన్ ప్రాంతాలు 1700 దాకా మారలేదు. కొత్త లెక్కలో బాఖ్ మార్చి 31న పుట్టినట్టు.

రెండోది ఊరి సమయం. స్పుత్నిక్ ఎగిరింది 1957 అక్టోబరు 4, యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటిగా పెట్టుకున్న ప్రామాణిక సమయం) ప్రకారం 19 గంటల 28 నిమిషాల 34 సెకన్లకు. మాస్కోలో అప్పుడు రాత్రి పదిన్నర కావస్తోంది, తేదీ 4. ప్రయోగం జరిగిన కజకిస్తాన్‌లో మాత్రం అర్ధరాత్రి దాటి 5వ తేదీ వచ్చేసింది. లోకమంతా 4 అనే చెబుతుంది, మీరూ అదే వేయండి, కానీ 5 అని రాసినవాళ్లు తప్పు రాయలేదని తెలిసి ఉండాలి.

అక్టోబరులో దీనికి తోడయ్యే ఇబ్బంది, కొన్ని దేశాల్లో వేసవి కోసం గంట ముందుకు జరిపిన గడియారాలను మళ్లీ వెనక్కి తిప్పడం. 1989 అక్టోబరు 17న ఉత్తర కాలిఫోర్నియాలో లోమా ప్రియెటా భూకంపం సాయంత్రం 5:04కు వచ్చింది. అప్పటికి వేసవి సమయమే నడుస్తోంది కాబట్టి 7 గంటలు కలపాలి. యూటీసీలో 18వ తేదీ 00:04. భూకంపాల జాబితాలు యూటీసీలో ఉంటాయి, అందుకే అక్కడ 18 కనిపిస్తుంది. ఇంటర్నెట్‌కు పునాది అయిన ఆర్పానెట్‌లో మొదటి సందేశం 1969 అక్టోబరు 29 రాత్రి 10:30కు లాస్ ఏంజెలెస్ నుంచి వెళ్లింది. 'లాగిన్' పదం పంపబోతే 'ఎల్', 'ఓ' రెండక్షరాలు చేరగానే అవతలి యంత్రం ఆగిపోయింది. అది కూడా కాలిఫోర్నియాయే, అదీ అక్టోబరే, కానీ ఆ ఏడాది 26వ తేదీ ఆదివారమే గడియారాలు వెనక్కి తిప్పేశారు కాబట్టి ఇక్కడ కలపాల్సింది 8 గంటలు. యూటీసీలో 30వ తేదీ ఉదయం 6:30. నేను వాడే నియమం ఒకటే, సంఘటన జరిగిన ఊరి తేదీనే పట్టికలోకి ఎక్కిస్తాను, యూటీసీని పక్క కాలమ్‌లో ఉంచుతాను.

మూడోది కాగితం. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

ఇటలీ సంగీతకర్త వెర్డీని తీసుకోండి. కొన్నిచోట్ల 1813 అక్టోబరు 9, కొన్నిచోట్ల అక్టోబరు 10. ఇటలీలో బుస్సెటో దగ్గరి లె రోంకొలె చర్చి బాప్తిస్మ రిజిస్టరులో అక్టోబరు 11న రాసిన నమోదు ఉంది. అందులో తేదీ లేదు, 'నిన్న పుట్టాడు' అని ఉంది. పైకి చూస్తే 10 అని తేలిపోయినట్టే. కానీ ఆ కాలంలో సూర్యాస్తమయంతోనే కొత్త రోజు మొదలైనట్టు లెక్కించడం మామూలు. బిడ్డ 9వ తేదీ పొద్దుగుంకాక పుట్టినా 11న రాసేవాడికి అది 'నిన్నే' అవుతుంది. వెర్డీ మాత్రం తల్లి చెప్పిన మాట ప్రకారం జీవితమంతా 9నే పుట్టినరోజు చేసుకున్నారు. ఇలాంటిచోట ఒకదాన్ని ఎంచుకుని రెండోదాన్ని తప్పు అనడం సరికాదు. 'అక్టోబరు 9 లేదా 10' అని రాసి, 9 కింద పెట్టి, ఆయన జరుపుకున్నది ఆ రోజేనని ఒక వాక్యం చేర్చండి. ఇంకో సంగతి, ఆ ప్రాంతం అప్పుడు నెపోలియన్ పాలనలోని ఫ్రాన్సులో భాగం కావడంతో ప్రభుత్వ రిజిస్టరులో పేరు ఫ్రెంచిలో, 'జోసెఫ్' అని పడింది. 'జుసెప్పె' అని వెతికితే దొరకదు.

లిస్ట్ విషయంలో చిక్కు ఊరిది. ఆయన పుట్టినప్పుడు రైడింగ్ హంగరీ రాజ్యంలో ఉంది, ఇప్పుడు ఆస్ట్రియాలో ఉంది. అప్పటి పేరు, ఇప్పటి దేశం రెండూ రాసుకోండి.

సంగీతకారుల్లో తేదీకంటే సంవత్సరం తేడా రావడం ఎక్కువ. కారణం తెలిస్తే ఏది నమ్మాలో కూడా తెలుస్తుంది. హొరొవిట్జ్‌ను సైన్యంలోకి తీసుకోకుండా ఆయన తండ్రి కొడుకు వయసును ఒక ఏడాది తగ్గించి చూపారు, అందుకే పాత పుస్తకాల్లో 1904 కనిపిస్తుంది. జాజ్ పియానిస్టు జెల్లీ రోల్ మోర్టన్ దీనికి వ్యతిరేకం, వయసు పెంచి చెప్పారు. బాప్తిస్మ పత్రం 1890 అక్టోబరు 20 అంటుంది, ఆయన తానుగా 1884 అనీ 1885 అనీ చెప్పారు. 1902లోనే జాజ్‌ను తానే కనిపెట్టానని చెప్పుకున్న మనిషికి 1890లో పుట్టడం ఎందుకు ఇబ్బందో వేరే చెప్పక్కర్లేదు. చిన్నప్పటి కాగితాన్ని పెద్దయ్యాక చెప్పిన మాటకంటే పైన పెట్టండి, ముఖ్యంగా ఆ మాట వల్ల చెప్పినవారికి ఏదైనా లాభం ఉన్నప్పుడు. ఇంకో జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్‌కు కూడా పాత పుస్తకాల్లో 1920 ఉంటుంది. సరైనది 1917 అక్టోబరు 10.

దీంతోపాటు అమెరికా పద్ధతిలో నెల ముందు రాసే తేదీలను చూసుకోండి. జాన్ లెనన్ పుట్టిన 1940 అక్టోబరు 9 అక్కడ 10/9/40. దాన్ని మనం చదివితే సెప్టెంబరు 10. పవరొట్టి పుట్టిన 1935 అక్టోబరు 12 అలాగే డిసెంబరు 10 అయిపోతుంది. ఈ ప్రమాదం నెలలో మొదటి పన్నెండు రోజులకే, 13 నుంచి పైకి ఉండదు. మంక్‌ది 10/10 కాబట్టి ఎటు చదివినా ఒకటే.

ఇక సంఘటనల్లో సమస్య, దేన్ని 'ఆ రోజు' అనాలన్నది. క్యూబా క్షిపణి సంక్షోభానికి 1962 అక్టోబరు 14 (అమెరికా గూఢచారి విమానం యూ-2 ఫోటోలు తీసిన రోజు), 16 (కెన్నెడీకి తెలిసిన రోజు), 22 (ఆయన ప్రసంగం), 28 (క్షిపణులు వెనక్కి తీసుకుంటామని సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ ప్రకటన) అన్నీ కరెక్టే. '22న సంక్షోభం' అని కాకుండా '22న కెన్నెడీ ప్రసంగం' అని రాస్తే ఎవరూ తప్పుపట్టలేరు. 1929 స్టాక్ మార్కెట్ పతనానికి 24 గురువారం వేరు, 29 మంగళవారం వేరు. ఐక్యరాజ్యసమితి చార్టర్‌పై సంతకాలు 1945 జూన్ 26న అయ్యాయి, అమల్లోకి వచ్చింది అక్టోబరు 24. 1517 అక్టోబరు 31న క్రైస్తవ మత సంస్కర్త మార్టిన్ లూథర్ మైంజ్ ఆర్చ్‌బిషప్‌కు రాసిన ఉత్తరం మీద ఆ తేదీ ఉంది, అది గట్టి ఆధారం. ఆ రోజే తన 95 వాదాల కాగితాన్ని చర్చి తలుపుకు మేకులతో కొట్టారన్నది పండితుల మధ్య వివాదంలో ఉంది, కాబట్టి మీ వాక్యం ఉత్తరం మీద నిలబడాలి, తలుపు మీద కాదు. పాటల విడుదలకు దేశం తప్పనిసరి. బీటిల్స్ 'లవ్ మీ డూ' 1962 అక్టోబరు 5న బ్రిటన్‌లో వచ్చింది, అమెరికాలో అది విడిగా విడుదలైంది 1964లో.

కొన్ని రోజులు కిక్కిరిసి ఉంటాయి. 9న లెనన్, సెయింట్-సాన్స్ (1835), అంజద్ అలీ ఖాన్ (1945), వీళ్ల పక్కనే వెర్డీ. 25న బిజే (1838), రెండో యోహాన్ స్ట్రాస్ (1825). 21న డిజ్జీ గిలెస్పీ (1917), ట్రఫాల్గర్ యుద్ధం (1805). 7న బేగం అఖ్తర్ (1914), యో-యో మా (1955). 13న నుస్రత్ ఫతే అలీ ఖాన్ (1948), పాల్ సైమన్ (1941), ఆర్ట్ టేటమ్ (1909). ఇలాంటి రోజుల్లో పేరున్నవాళ్లనే కాకుండా ఆధారం గట్టిగా ఉన్నవాళ్లను ముందు పెట్టండి.

పట్టికలో చివరి కాలమ్ ఒకటి నమ్మకానికి కేటాయించండి. ఆ కాలపు రిజిస్టరు గానీ మర్నాటి పత్రిక గానీ ఉంటే 'క', మనిషి లేదా కుటుంబం చెప్పిన మాట మాత్రమే ఉంటే 'ఖ', తర్వాతి పుస్తకాలు తప్ప ఏమీ లేకపోతే 'గ'. ఒకే వాక్యం పది చోట్ల కనిపించినంత మాత్రాన 'గ'ను 'క' చేయకండి, ఆ పదీ ఒకదాన్నొకటి చూసి రాసుకున్నవే కావచ్చు. 'గ' వరుసలను ప్రచురించకుండా పక్కన ఉంచి, కాగితం దొరికిన రోజున పైకి తెచ్చుకోండి.